నేనే చేశానమ్మా!

ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల సెలవులకి ఇంటికొస్తే ఏమడుగుతుందనుకుంటాం? కొత్త ఫోనో, మంచి చుడీదారో, కాదంటే స్నేహితురాళ్ళతో ఊటీ వెళ్ళడానికి డబ్బో అడుగుతుందనుకుంటాం. మా అమ్మాయి మాత్రం కిందటి వేసవిలో వచ్చీ రాగానే, "అమ్మా, అమ్మమ్మగారింటి గుమ్మం చెక్కలు మన మేడమీద పడున్నాయి కదా, అవి నాకిచ్చెయ్యవూ?" అని అడిగింది.

అమలాపురం దగ్గర మా పుట్టిల్లు పడగొట్టినప్పుడు మా అన్నదమ్ములు స్థలం పంచుకున్నారు. నేను వీధి గుమ్మం అడిగి తెచ్చుకున్నాను. అందరూ నవ్వారు. అది టేకు ద్వారబంధం. మా నానమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టేది. తెచ్చానన్నమాటే గానీ, ఈ అపార్టుమెంటులో దాన్నేం చేసుకుంటాను? గోనెపట్టా చుట్టి మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన పడేశాను.

"దేనికే?" అన్నాను.

"బేస్ గిటారు చేసుకుంటాను" అంది, కాఫీ చేసుకుంటాను అన్నంత తేలిగ్గా.

బేస్ గిటారంటే మామూలు గిటారు కాదట. దీనికి తీగలు నాలుగే, అవీ లావుగా ఉంటాయి. గిటారుకన్నా ఒక స్థాయి కింద పలుకుతుంది. అన్నిటికన్నా కింది తీగ సెకనుకి 41 సార్లు మాత్రమే కంపిస్తుందట. ఎనభైల నాటి ఇళయరాజా పాటల్ని గుర్తు తెచ్చుకోండి. పల్లవి మన నోట్లో ఆడుతుంది, కానీ మనకి తెలియకుండా కాలు కదిలించేది అడుగున నడిచే ఆ బేస్. అది వినిపిస్తున్నట్టే ఉండదు గానీ, తీసేస్తే పాట బోలుగా అయిపోతుంది. అచ్చం ఇల్లాలిలా అని రాయబోతుంటే, వెనకనుంచి చూస్తున్న అమ్మాయి, "ఆ పోలిక వద్దమ్మా, నీ నవలలు రెండింటిలో ఇప్పటికే వాడేశావు" అంది. అంచేత మానేశాను.

మావారు లెక్కల మనిషి. సామాన్ల జాబితా చూసి, "ఈ డబ్బుకి తయారుగా ఉన్నదే వస్తుంది కదమ్మా, పైగా గ్యారంటీ కూడా ఇస్తారు" అన్నారు. అది నిజమే. అమ్మాయి ఆయనకి జవాబు చెప్పలేదు. నాకొక కథ చెప్పింది.

1963లో, ఇంగ్లండులో, బ్రయాన్ మే అనే పదహారేళ్ళ కుర్రాడికి గిటారు కావాలి, కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాడు. దాదాపు రెండేళ్ళు పట్టింది. ఎవరింట్లోదో చలిమంట గూటిమీద ఉండే పాత చెక్కతో దానికి మెడ చేశారు. పాత మోటారుసైకిలు స్ప్రింగులు వాడారు. మెట్ల మధ్య తెల్లచుక్కలకి అతని తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు అరగదీసి పొదిగారు. తర్వాత క్వీన్ అనే బృందంలో అతను యాభై ఏళ్ళకు పైగా వాయించింది ఆ గిటారే. "తండ్రీ కొడుకులు చేసిన గిటారు" అని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. గుండీలు పోగొట్టుకున్న ఆ తల్లి ఏ జాకెట్టుకి పిన్నీసు పెట్టుకుని తిరిగిందో ఎవరూ చెప్పరు. అన్నట్టు, ఆ కుర్రాడు పాటల కోసం ఖగోళశాస్త్రంలో చేస్తున్న పరిశోధన మధ్యలో వదిలేసి, మళ్ళీ 2007లో పూర్తిచేసి డాక్టరేటు తెచ్చుకున్నాడట. అమ్మాయి ఆ ముక్క ఎందుకు చెప్పిందో మీకూ అర్థమయ్యే ఉంటుంది.

చెక్క ఇచ్చేశాను.

పెళ్ళికి ముందు నేను ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. అంచేత అది చేస్తుంటే చూడ్డానికి నాకు సరదాగానే ఉండేది. మేం దండి అనేదాన్ని వీళ్ళు మెడ అంటారు. మా బిరడలూ, మెట్లూ, గుర్రమూ అన్నీ దానికీ ఉన్నాయి, పేర్లే వేరు. తీగ మోగే పొడవు 34 అంగుళాలు. సరిగ్గా సగంలో, 17 అంగుళాల దగ్గర, పన్నెండో మెట్టు. అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. మా వీణలోనూ పన్నెండో మెట్టే. కాలిఫోర్నియాలో కూర్చుని లెక్క వేసినా, బొబ్బిలిలో మైనం మీద చెవితో సరిచూసుకుంటూ మెట్లు నిలిపినా, తీగ మాత్రం సగం దగ్గరే లొంగుతుంది.

తేడా ఎక్కడంటే, వీణకి కుండ ఉంది, దీనికి లేదు. లోపల బోలు లేని గట్టి చెక్క. మీటితే పక్కగదిలోకి కూడా వినబడదు. తీగల కింద అయస్కాంతాలు పెట్టి, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగ వేలచుట్లు చుడతారు. దాన్ని పికప్ అంటారు. పైన ఇనుప తీగ ఊగినప్పుడల్లా ఈ చుట్టలో సన్నగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటే వైరులోంచి వెళ్ళి ఆంప్లిఫయర్లో శబ్దమవుతుంది. నూలుదారం కట్టి మీటితే ఏమీ పుట్టదు, ఇనుమే ఉండాలి. అమ్మాయి ఇదంతా వంటింట్లో అట్లకాడ పట్టుకుని నాకు చెప్పింది. అయస్కాంతం అట్లకాడకి అతుక్కుపోతే దోసె మాడింది.

మూడు చెక్కలు పక్కపక్కన అతికింది. టేకులో నూనె ఉంటుందట, అతికే ముందు స్పిరిటుతో తుడవకపోతే జిగురు పట్టదట. తరవాత చిత్రిక పట్టింది, రంపంతో కోసింది, ఉప్పుకాగితంతో వారం రోజులు రుద్దింది. రుద్దుతుంటే ఒకచోట చెక్క పొరల్లోంచి పసుపు రంగు బయటపడింది. మా నానమ్మ పసుపే! నేను లోపలికెళ్ళి కాసేపు పనున్నట్టు అటూ ఇటూ సర్దాను.

అసలు సంగతి ఇక్కడినుంచే మొదలవుతుంది.

మెడ తను చెయ్యలేదు, మెట్లతో సహా కొంది. దాన్ని చెక్కలో బిగించడానికి ఒక గూడు తొలవాలి. మెడ మడమ ఆ గూట్లో సందు లేకుండా కూర్చోవాలి, ఎందుకంటే నాలుగు తీగలూ బిగిస్తే మెడ మీద 70 కిలోలకు పైగా లాగుడు పడుతుంది. గూడు వంకరగా ఉంటే మెడ పక్కకి వాలుతుంది. అప్పుడు చివరి తీగ మెట్లమీద నిలవకుండా అంచు దిగి జారిపోతుంది. మా అమ్మాయి గూడు ఎడమవైపు కొంచెం ఎక్కువ తొలిచేసింది. గోరు మందం, అంతే. మెడ పెట్టి, దారం కట్టి చూసింది. దారం అంచు దిగిపోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ దిగిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే విశాఖపట్నంలో స్నేహితురాలి అక్క పెళ్ళికి వెళ్ళిపోయింది. "వచ్చాక చూస్తాలే" అంది గానీ, ఆ గొంతు నాకు తెలుసు. సగం రాసి వదిలేసిన నవలల గురించి అడిగితే నేను మాట్లాడే గొంతు అది.

మధ్యాహ్నం ఆటో పిలిచి, ఆ చెక్కని దుప్పట్లో చుట్టి, మా వడ్రంగి ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గూట్లో వేలు పెట్టి తడిమి, "ఎవరు తొలిచారమ్మా? చెయ్యి కొత్తది గానీ మంచిదే" అన్నారు. మిగిలిన టేకు ముక్కలోంచి సన్నని పేడు తీసి, చిత్రిక పట్టి, ఎడమ గోడకి అతికి, అంచు కలిసిపోయేలా రుద్దారు. ఎంత చూసినా అతుకు కనబడలేదు. డబ్బిస్తే పుచ్చుకోలేదు. మర్నాటికల్లా చెక్క యథాస్థానంలో ఉంది.

ఎందుకు చేశావంటే, పిల్ల మనసు విరిగిపోతుందని అని చెప్పుకుంటాను. అది నిజమే గానీ, అంతా నిజం కాదు. అది నా గుమ్మం. పనికిరాని ముక్కగా మళ్ళీ ట్యాంకు పక్కకి పోవడం నాకిష్టం లేకపోయింది.

అమ్మాయి వచ్చి మళ్ళీ మెడ పెట్టి చూసింది. దారం తిన్నగా నడిచింది. నా గుండె దడదడలాడింది. తను కాసేపు అలాగే చూసి, "మొన్న నేనే స్క్రూలు సరిగా బిగించలేదన్నమాట" అని నవ్వింది. చెప్పాల్సిన క్షణం అదే. నేను కాఫీ కలపడానికి లేచి వెళ్ళాను.

ఆ తరవాత పది రోజుల్లో పూర్తిచేసింది. మొదటిసారి ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే తుమ్మెదల గుంపు మోసినట్టు ఒకటే రొద. తీగమీద వేలు పెట్టినా తగ్గేది కాదు. రెండు రాత్రులు కూర్చుని, గుర్రం దగ్గరినుంచి లోపలికి వెళ్ళాల్సిన ఎర్తువైరు అతుక్కోలేదని పట్టుకుంది. పిలిచి ఉంటే మావారు ఐదు నిమిషాల్లో చెప్పేవారు, ఎలక్ట్రిసిటీ బోర్డులో పనిచేసినవారాయె. పిలవలేదు. రొద ఆగాక కింది తీగ ఒక్కసారి మీటింది. అలమరలో స్టీలు గిన్నెలు సన్నగా అదిరాయి.

అప్పటినుంచి వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "మెడ కొన్నానండీ. పికప్పులూ బిరడలూ కొన్నాను. తక్కినదంతా నేనే చేశాను." మా అత్తగారికి చెప్పింది, పక్కింటి పిన్నిగారికి చెప్పింది, కేబులు అబ్బాయికి కూడా చెప్పింది. ఆ 'తక్కినదంతా' దగ్గరకొచ్చేసరికి నాకు గొంతులో ఏదో అడ్డం పడేది.

మావారికి చెప్పుకున్నాను. ఆయన తేలిగ్గా, "కర్తను నేనే అనుకోవడమే అజ్ఞానమని గీతలో చెప్పలేదూ? చెట్టు తను పెంచిందా, తీగ తను లాగిందా? అందులో ఆచారి పేడొకటి. ఏమిటట?" అన్నారు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు ఒక్క పనసదుంగనే తొలిచి కుండా దండీ కలిపి ఏకాండి వీణ తీస్తారు. అంతకన్నా 'నేనే చేశాను' అనదగిన పని ఉంటుందా? అయినా తీగలు ఎక్కడో మిల్లులో లాగినవే. అంతెందుకు, 1951లో ఈ రకం బేస్ గిటారుని మొదటిసారి పెద్దయెత్తున తయారుచేసి అమ్మిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆయనకి గిటారు వాయించడమే రాదట! వాయించేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు బాగాలేదన్నవి మార్చుకుంటూ పోయాడు. అది మాత్రం ఎవరు చేసినట్టు?

ఇంత ఆలోచించినా నాకు మనశ్శాంతి కలగలేదు. పచారీ పద్దు రాస్తుంటే ఒకరోజు తట్టింది. మా అమ్మాయి ఎవరి సాయమూ లేదని అనలేదే! ఏమేం కొందో ఏకరువు పెట్టి మరీ చెబుతోంది. తన పద్దు తను నిజాయితీగా రాసుకుంది. ఆ పుస్తకంలో, తను నిద్రపోతుండగా, నేను ఒక అంకె దిద్దేశాను. ఇప్పుడు తను నిజమే చెప్పాననుకుంటోంది, అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధం నాది, చెప్పే నోరు తనది.

నా పెళ్ళయిన ఏడు మా అమ్మ దగ్గర మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టాను. మూడోరోజు తిరగేసేటప్పుడు అమ్మ నన్ను దొడ్లోకి పంపి రెండు గుప్పెళ్ళు ఉప్పు కలిపేసింది. నాకు తెలియదు. ఏడాదంతా ఆ ఆవకాయ చెక్కు చెదరలేదు, అత్తవారింట్లో నా చేతివాటం గురించి గొప్పగా చెప్పుకున్నారు. మరుసటేడు అదే కొలతతో, మా అత్తగారి కళ్ళముందు, యాభై కాయ పెట్టాను. వర్షాకాలం రాకుండానే బూజు పట్టింది. అమ్మకి ఫోనులో ఏడుస్తూ చెబితే అప్పుడు బయటపెట్టింది. "నీ మొదటి ఆవకాయ కదే, పాడవకూడదని!" అంది. నిజానికి పాడవ్వాల్సింది ఆ మొదటిదే. పదికాయలతో పోయేది.

ఇంకొకటుంది. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. నా మొదటి కథ అచ్చయినప్పుడు చివరి పేరా నేను రాసింది కాదు. పత్రికవాళ్ళు నన్నడక్కుండా మార్చేశారు. మా మామగారు వచ్చిన చుట్టాలందరికీ ఆ కథ చదివి వినిపించేవారు. చివరి నాలుగు వాక్యాల దగ్గర గొంతు తగ్గించి, ఆగి, "చూశారా, మా కోడలు ఎక్కడ ఆపిందో!" అనేవారు. నేను పమిట సర్దుకుంటూ తల వంచుకునేదాన్ని. అది వినయం అనుకున్నారు వాళ్ళు. ఇరవయ్యేళ్ళయింది. మా మామగారు పోయారు. మొన్నామధ్య ఆ కథని నా సంపుటిలో వేసుకునేటప్పుడు పాత కాయితాలు వెతికి నేను రాసిన పేరా తీశాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. వాళ్ళదే బాగుంది. వాళ్ళదే వేసుకున్నాను. కింద ఒక్క వాక్యం, ఈ ముగింపు నాది కాదని, రాయడానికి చెయ్యి రాలేదు.

సాయం మంచిదైనంత మాత్రాన సరిపోదని నాకు ఆనాడే తెలియాలి. ఇంత తెలిసినదాన్ని దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కానంటే ఏమనుకోవాలి? పైగా ఆచారిగారి పేడు కూడా మా అమ్మాయి పనికన్నా బాగుంది. అదీ చిక్కు. సాయం చేసినవాళ్ళ పని మనదానికన్నా తీసికట్టుగా ఉంటే కోపం తెచ్చుకుని పీకి పారెయ్యొచ్చు.

దసరా సెలవులకొచ్చినప్పుడు చెప్పేశాను. కూరలు తరుగుతూ, తల ఎత్తకుండా, మొదటినుంచీ చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "నాకెందుకు చెబుతున్నావమ్మా ఇప్పుడు?" అంది. ఈ ప్రశ్న నేను ఊహించలేదు. నా మనసు తేలిక పడడానికేనా? నా బరువు దింపుకుని తన నెత్తిన పెడుతున్నానా? చెప్పకపోవడం ఎంత స్వార్థమో, చెప్పడం కూడా అంతే కావచ్చునని అప్పుడే తట్టింది. జవాబు చెప్పలేక, "తెలియాలి కదే" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మావారు మా ఇద్దరి మధ్యా ఉప్పూ పప్పూ అందిస్తూ తిరిగారు.

మూడోరోజు పొద్దున్న చూద్దును కదా, హాల్లో పాత దుప్పటి పరిచి, తీగలు విప్పి, మెడ ఊడదీసి కూర్చుంది. ఉలితో ఆ పేడు మెల్లిగా లేపేసింది. మిగిలిన గుమ్మం ముక్కలోంచి తనే పేడు తీయడం మొదలుపెట్టింది. మొదటిది మధ్యకి విరిగింది. రెండోది మందం ఎక్కువై మెడ గూట్లోకే వెళ్ళలేదు. మూడోది పట్టింది గానీ, వేలు తెగింది, నేను కట్టు కట్టబోతే ఈసారి చెయ్యి లాక్కోలేదు. దగ్గరగా చూస్తే పైన సన్నని సందు కనబడుతుంది. దారం మాత్రం తిన్నగా నడుస్తోంది. శబ్దంలో తేడా ఉందా అని అడిగాను. "ఏమీ లేదు" అంది. నాకూ ఏమీ తెలియలేదు.

టేకు కావడంతో ఆ గిటారు మహా బరువు. అరగంట వాయిస్తే భుజం లాగేస్తుందట. అయినా కాలేజీ వార్షికోత్సవానికి దాన్నే తీసుకెళ్ళింది. ఈ వ్యాసంలో పికప్ గురించి రాసిన వాక్యాలు నేను తప్పుగా రాస్తే తనే దిద్దింది, నాకు చూపించి మరీ దిద్దింది. ఆ కథ సంపుటి రెండో ముద్రణకి వస్తే కింద ఆ వాక్యం రాస్తానని తనకి మాటిచ్చాను. మొదటి ముద్రణ ప్రతులు ఇంకా మంచం కింద చాలానే ఉన్నాయి మరి.

ఆచారిగారు మొన్న వంటింటి తలుపు బాగుచెయ్యడానికొచ్చారు. అమ్మాయి ఆ పేడు తీసేసి తనే ఇంకోటి వేసుకుందని ఆయనకీ చెప్పాను. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. "నాది ఊడిందా అమ్మా?" అన్నారు. ఊడలేదు, గట్టిగానే ఉంది, తనే తీసిందని చెప్పాను. కాసేపు బందు మీద సుత్తి పెట్టుకుని ఆలోచించారు.

"ఏం జిగురు పెట్టిందో కనుక్కోండమ్మా" అన్నారు, "టేకుకి ఏది పడితే అది నిలబడదు."